మిషన్ కాడ మనిషి

రెండు బిల్లు మిషన్లకు ఒక మనిషి నిలబడాలి, ఆ మనిషికి ఇంకో పని చెప్పకూడదు. మునిసిపాలిటీ నుంచి వచ్చిన నాలుగు పేజీల కాగితంలో మహిపాల్ చదివింది ఆ మొదటి పేజీ ఒక్కటే. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఆఫీసు తెలుగు కొరుకుడు పడదు, నిజమే. కానీ చదవకపోవడానికి అసలు కారణం అది కాదు. ఎట్లాగూ పాటించేది లేదు కదా అని మిగతా మూడు పేజీలు మడిచి సొరుగులో పడేశాడు.

కోరుట్లలో ఆ సూపర్ మార్కెట్‌కు అతను సూపర్‌వైజరు. ఊరు కథలాపూర్. తండ్రి కల్లు గీయడానికి తాళ్లెక్కితే ఇతను విమానం ఎక్కాడు. షార్జాలో పద్నాలుగేళ్లు ఒక పెద్ద దుకాణంలో పనిచేశాడు. అక్కడ కొన్నవాళ్లే బిల్లు కొట్టుకునే మిషన్లు వచ్చి, పదకొండు మందిని ఇంటికి పంపారు. ఆ పదకొండో మనిషి ఇతనే. దెబ్బ తిన్నవాడు నోరు మూసుకుని ఉండవచ్చు కదా? ఉండలేదు. ఇక్కడ చేరిన కొత్తలో యజమాని మార్కండేయులు టీ తెప్పిస్తే, గొప్పకు పోయి అన్నీ చెప్పాడు.

"ఆడ ఆరు మిషన్లను ఒక్కడే చూసుకునేటోడు సేటూ. మనుషుల లొల్లే లేదు."

ఏడాది తిరగకుండానే నాలుగు మిషన్లు దిగాయి. బిల్లులు కొట్టే ఆరుగురు ఆడవాళ్లలో నలుగురు ఇంటికి పోయారు. మిగిలింది రత్నమాల, జమున.

చదువు రాని ముసలివాళ్లు మిషన్ల ముందు ఆగమవుతున్నారని, రేపు మందుల షాపుల్లోనూ ఇవే వస్తాయని ఊరి జనం మునిసిపాలిటీకి పోయి అడిగారు. అప్పుడు వచ్చింది ఈ నిబంధన. నిలబడేవాళ్ల పేర్లు ఆఫీసులో రాయించి, మెడలో ఫోటో బిళ్ల వేయాలి. ఏ గంటలో ఎవరున్నారో రిజిస్టరులో రాసి సూపర్‌వైజరు సంతకం పెట్టాలి.

"ఇద్దరు మనుషులు ఉత్తగ నిలబడుడేందయ్యా?" అని మార్కండేయులు నెత్తి కొట్టుకున్నాడు. "గా మాత్రం దానికి నేను మిషన్లు ఎందుకు కొన్న?"

"రిజిస్టర్ల నిలబెడుదాం సేటూ," అన్నాడు మహిపాల్.

సేటు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు కోసమే మహిపాల్ ఆ మాట అన్నాడు.

అప్పటినుంచి రత్నమాల పేరు మిషన్ దగ్గర ఉండేది, రత్నమాల మాత్రం పై అంతస్తులో కందిపప్పు పొట్లాలు కట్టేది. ఆమెది సిరిసిల్ల. మగ్గం ఆగిపోయి భర్త మహారాష్ట్రలోని భీవండి పోతే, బిడ్డను తీసుకుని కోరుట్లలో కిరాయి గదిలో ఉంటోంది. ఇంతకుముందు బీడీలు చుట్టేది. దగ్గు పట్టుకుంటే మానేసింది. ఈ కొలువు మహిపాల్ ఇప్పించిందే.

"అన్నా, నా ఫోటో బిళ్ల మెడలేసుకొని పప్పు కడుతున్న," అని ఒకసారి నవ్వింది. "గీ పప్పుకు బిళ్ల సూపియ్యాల్నా?"

"సూపియ్యి. అచ్చి అడుగుతె చెప్పెటానికి సాక్ష్యముంటది," అన్నాడు మహిపాల్. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఒక మంగళవారం పదకొండు దాటాక మల్లాపూర్ నుంచి సాయవ్వ వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. జమున తూకం దగ్గర రెండు కిలోల బెల్లం తూచి చీటీ అంటించింది. సాయవ్వ సంచి మూతి కట్టబోతూ, తట్టలోంచి ఇంకో చిన్న బెల్లం ముక్క తీసి అందులో వేసుకుంది. కొసరు. తూకం అయ్యాక ఆ పిడికెడు తీసుకోకుండా ఆమె ఏ దుకాణం మెట్లూ దిగలేదు. జమున చూసి నవ్వి ఊరుకుంది.

మిషన్ ఊరుకోలేదు. చీటీ మీద బరువు ఒకటి, మిషన్ పళ్లెం మీద పెట్టిన బెల్లం బరువు ఒకటి. ఎర్ర లైటు వెలిగింది, గంట మోగింది. సాయవ్వ అటూ ఇటూ చూసింది. అక్కడ ఎవరూ లేరు. వారం కింద చేరిన వాచ్‌మన్ ఉరికొచ్చి సంచి గుంజుకుని అందరి ముందూ నేల మీద గుమ్మరించాడు.

"దొంగతనమేంది కొడుకా? కొసరు తీసుకున్న. కొసరు ఇయ్యని దుకాణం ఉంటదా?"

గొడవ విని మహిపాల్ గోదాము నుంచి వచ్చేసరికి పదిమంది చేతుల్లో ఫోన్లు లేచి ఉన్నాయి. సాయవ్వ నేల మీద కూర్చుని ఉల్లిగడ్డలు, సబ్బులు ఏరుకుంటోంది. అతను మొదట చేసిన పని వీడియోలు తీయొద్దని జనం మీద అరవడం. వంగి ఒక్క ఉల్లిగడ్డ కూడా తీయలేదు. ఆ సంగతి ఆమె వెళ్లిపోయాక గాని అతనికి తట్టలేదు.

గంటలోపే మునిసిపాలిటీ నుంచి ఇన్‌స్పెక్టరు బాలలక్ష్మి ఆ వీడియో పట్టుకుని వచ్చింది.

"మిషన్ కాడ మనిషేది?"

రిజిస్టరు తెరిచింది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా రత్నమాల. కింద మహిపాల్ సంతకం. ఎవరో పిలిస్తే రత్నమాల పైనుంచి దిగి వచ్చింది. మోచేతుల దాకా పప్పు దుమ్ము.

నిజం చెబితే షాపుకు సీలు పడుతుంది, తన కొలువు పోతుంది. మళ్లీ విమానం ఎక్కే వయసు లేదు. తాడెక్కే విద్య నేర్వలేదు. ఇదంతా ఆలోచించి అన్నాడని చెబితే అబద్ధం. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఈడ్నే ఉండె మేడం. చెప్పకుంట ఎటో పోయింది."

రత్నమాల అతని వైపు చూసింది.

"నువ్వేమంటవమ్మా?" అని అడిగింది బాలలక్ష్మి.

రత్నమాల చేతుల దుమ్ము కొంగుకు తుడుచుకుంది. "ఔ మేడం. పోయిన."

బాలలక్ష్మి రాసుకుని వెళ్లాక మహిపాల్ మెట్ల కింద రత్నమాలను ఆపాడు. "రెండు దినాలు ఇంట్ల కూసో చెల్లే. మళ్ల నేనే పిలుస్త."

"నిన్ను నమ్మే గట్ల అన్న అన్నా. నా బిడ్డ ఉన్నది, మర్వకు."

మూడో రోజు కాగితం వచ్చింది. మిషన్‌ను విడిచి వెళ్లిన మనిషి పేరు కొట్టేస్తారు, రెండేళ్లు పట్టణంలో ఏ షాపులోనూ పనికి పెట్టుకోకూడదు. మహిపాల్ సొరుగు గుంజి మడతలు విప్పాడు. నాలుగో పేజీ, కింది నుంచి మూడో వాక్యం. అక్కడే ఉంది. అతను చదవలేదు, అంతే.

రత్నమాల జగిత్యాల పోయి రెండు షాపుల్లో అడిగింది. కోరుట్లలో ఎందుకు తీసేశారని అడిగారట. గది ఖాళీ చేసి సిరిసిల్ల అత్తగారింటికి పోయింది. ఇదంతా జమున చెప్పింది, అతని ముఖం చూడకుండా.

మార్కండేయులు మాత్రం భుజం తట్టాడు. "షాపును నిలబెట్టినవయ్యా."

ఆ రోజు నుంచి మహిపాల్ అన్నం సగంలోనే లేచేవాడు. పదకొండో రోజు ఒక తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి, సిరిసిల్ల బస్సెక్కాడు. కథలాపూర్‌లో బస్సు ఆగితే తెలిసినవాళ్లు కనబడతారని తల దించుకున్నాడు.

రత్నమాల వాకిట్లో సంచి సర్దుకుంటోంది. లోపలికి రమ్మనలేదు గాని, మంచినీళ్లు ఇచ్చింది.

"ఏందన్నా?"

"కాగితం రాసిన చెల్లే. ఆఫీసుల ఇస్త."

"సదువు."

అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బిడ్డ ఆమె కొంగు పట్టుకుంది. అంతమంది ముందు మహిపాల్ చదివాడు. 'ఆమె ఎటూ పోలేదు. ఆమెను మిషన్ కాడ ఎన్నడూ నిలబెట్టలేదు. నేనే అబద్ధం చెప్పిన' అన్నచోట ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"గీయనేనా?" అని అడిగింది అత్త.

"గీయనే."

"సూస్తె మంచోని లెక్కనే ఉన్నడు," అని ముసలామె లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

"నా పేరు మళ్ల రాస్తరా?" అని రత్నమాల అడిగింది.

"అడుగుత."

"నాకు ఇయ్యాల ఐదింటికి భీవండి బస్సు. ఆయన ఉన్న కార్ఖానలనే దారాలు సుట్టే పని ఉన్నదట. బిడ్డ ఈడ్నే ఉంటది."

"ఒక్క వారం ఆగు చెల్లే."

"రెండు దినాలు కూసోమంటివి, కూసున్న. ఇంగ ఎన్ని దినాలు కూసోవాలె అన్నా, నీ మాట మీద?"

అతను కాగితం మడుచుకుని లేచాడు.

కోరుట్ల ఆఫీసుకు చేరేసరికి ఐదు కావస్తోంది. బాలలక్ష్మి కాగితం రెండుసార్లు చదివింది.

"గిది తీసుకుంటె షాపు నెల రోజులు బందు. నీ మీద కేసు. ఎరుకేనా?"

"ఎరుకే మేడం. ఆమె పేరు?"

"విచారణ పెట్టాలె. నెలైనా పడుతది. ఆమె అచ్చి నా ముందట చెప్పాలె. ఫోన్ చేసి ఆగుమను."

మహిపాల్ ఫోన్ చేశాడు. రత్నమాల ఎత్తింది. వెనక బస్సుల హారన్లు, ఊళ్ల పేర్లు అరిచే గొంతులు.

"నెల రోజులంటున్నరు చెల్లే. నువ్వు ఆగి, ఒక్కసారి అచ్చి చెప్తె..."

"నెల రోజులు నా బిడ్డ ఏం తింటదన్నా?"

ఆమె కోపం లేకుండానే అడిగింది. ఆ వెంటనే, "బస్సచ్చింది," అని పెట్టేసింది.

బాలలక్ష్మి ముద్ర పట్టుకుని చూస్తోంది. "ఆమె రాదాయె. ఇంగ గిది ఇచ్చి ఏం లాభం? కొట్టాల్నా, వాపస్ తీస్కపోతవా?"

రత్నమాలకు పనికిరాని కాగితం. ఇవ్వకపోతే షాపు నడుస్తుంది, కొలువు ఉంటుంది, ఎవరూ అడగరు.

"కొట్టుండ్రి మేడం."

ముద్ర పడింది. బయటి మెట్లు దిగుతుంటే జమున గుర్తొచ్చింది. నెల రోజులు షాపు మూస్తే ఆమె జీతమూ పోతుంది. ఆ కాగితం రాసేటప్పుడు ఆమె ఒక్కసారి కూడా మనసులోకి రాలేదు. సేటు నోట వినకముందే తానే చెప్పాలని షాపు వైపు నడిచాడు. ఏడింటి దాకా ఆమె తూకం దగ్గరే ఉంటుంది.