ఎడమకి లాగే బండి

పదిహేడా, పద్దెనిమిదా, ఒక్క అంగుళమే కదండీ ఏదో ఒకటి వేయించెయ్యండి అంటుంది మా ఆవిడ, ఒక్క అంగుళం తేడా వస్తే కోటు తొడుక్కున్నవాడు చెయ్యెత్తగలడా, ఇన్నేళ్లుగా కోట్లు కత్తిరించేవాడితో కాపురం చేస్తూ అంగుళాన్ని అంత తేలిగ్గా తీసిపారేస్తుందేమిటి, ఈ షాపు గోడ నిండా వేలాడుతున్న చక్రాలు చూస్తుంటే నాకు నోరూరుతోంది, వెండిరంగువి, బొగ్గురంగువి, సన్నటి పుల్లలతో సాలెగూడులా అల్లినవి, పద్దెనిమిది అంగుళాలదైతే రబ్బరు పక్క భాగం పలచబడుద్ది సార్, మలుపులో బండి ఊగదు, స్టీరింగు ఇలా అంటే అలా తిరుగుద్ది, కాకపోతే గుంతలో పడ్డప్పుడు మీ నడుముకి తెలుస్తుంది అని షాపాయన చెబుతున్నాడు, పదిహేడైతే రబ్బరు ఎక్కువ కాబట్టి దెబ్బ అది తింటుంది, రోజూ ఊళ్లో తిరిగే బండికి అదే మేలంటాడు, తేలిక చక్రం, మెత్తటి రబ్బరు, వానలో కూడా పట్టు వదలదు, అన్నీ బాగానే ఉన్నాయి కానీ నేనడిగింది ఊగడం గురించి కాదు, నడుము గురించీ కాదు, బండి ఎడమకి లాగుతోందయ్యా బాబూ అని మళ్లీ చెబుతున్నాను, ఆయన మళ్లీ తలూపుతున్నాడు, పోయిన నెల ఆయనే కదా మిషను ఎక్కించి చక్రాలు సరిచేసింది, తెర మీద అన్నీ పచ్చగీతలే సార్, వెంట్రుకవాసి తేడా లేదు అన్నాడు, గాలి చూశాడు, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చాడు, అయినా లాగుతూనే ఉంది, అందుకే ఇవాళ పాతవన్నీ పీకేసి కొత్త చక్రాలు, కొత్త టైర్లు వేసెయ్యమని వచ్చాను, ఇంతకంటే ఏం చెయ్యను.

అటు చూస్తే నా బండి, రెండే సీట్ల స్పోర్ట్స్ కారు, ఎవరో మోజు తీరాక అమ్ముకున్నది, కుర్రతనం నుంచీ కలలోకి వచ్చి జుట్టు నెరిశాక చేతికందింది, మా ఆవిడ దానికి చిన్నిల్లు అని పేరు పెట్టింది, ఆదివారం పొద్దున్నే గుడ్డముక్క పట్టుకుని నేను మెట్లు దిగుతుంటే వెళ్లండి వెళ్లండి పాపం ఎదురుచూస్తోంది అని వంటింట్లోంచి అనేది, ఈ మధ్య అనడం లేదు, ఈ మధ్య నాకంటే ముందే వచ్చి పక్క సీట్లో కూర్చుంటోంది, పెట్రోలు పోయించడానికి వెళ్లినా సరే నేనూ వస్తాను పదండి అంటుంది, ఇందులో కూర్చుంటే నూతిలోకి దిగినట్టుందని సణిగిన మనిషేనా అని నాకు ఆశ్చర్యం, పోనీ కూర్చుని ఊరుకుంటుందా, అదిగో ఎవరో ముసలాయన, అదిగో స్కూటరు, కాస్త కుడికి రండి, ఇంకాస్త, చెవిలో జోరీగ, నడిపేది నువ్వా నేనా అని మొన్న గట్టిగా అరిచాను, నోరు మూసుకుంది, మలుపు తిరిగామో లేదో అదిగో సైకిలు అంది, ఏం చెయ్యాలి ఈ మనిషిని.

సార్ ఒకసారి ఇటు రండి అని షాపాయన పిలుస్తున్నాడు, బండికి ఎడమవైపు గొంతుక్కూర్చున్నాడు, ముందు చక్రం అంచు మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు, అంచంతా గీరుకుపోయింది, పిల్లి గోళ్లతో బరికినట్టుంది, వెనక చక్రమూ అంతే, ఇక కుడివైపు చూడండి సార్, ఇప్పుడే పెట్టెలోంచి తీసినట్టున్నాయి, ఇదంతా ఫుట్‌పాత్ అంచుకి రాసుకున్నదే, ఒక్కసారి తగిలింది కాదు అన్నాడు, లాగుతుంటే రాసుకోదా మరి అన్నాను, ఆయన చేతులు తుడుచుకుంటూ మా ఆవిడ వైపు చూశాడు, తను నేలకేసి చూస్తోంది, వీళ్లిద్దరి వాలకం నాకేం నచ్చలేదు, రాసుకోవడమేమిటి, ఎప్పుడు రాసుకుంది, చప్పుడన్నా వినపడాలి కదా, చప్పుడు, అవును, మొన్నెప్పుడో బరబరమంది, ఇంజను అనుకున్నాను, అసలు ఈ నెల ఏదీ తిన్నగా లేదు, పెళ్లికొడుకు కోటుకి ఎడమ భుజం జారిందని నా దగ్గరే కుట్టుపని చేసే బావమరిది పట్టుకొచ్చాడు, బావా ఈ కత్తిరింపు ఒకసారి చూడవా అంటే జారింది నీ కుట్టు అని మా కుట్టుషాపులో అందరి ముందూ కసిరాను, వాడు ఎదురు చెప్పకుండా కుట్లు విప్పుకున్నాడు, నోట్లో నాలుక లేనివాడేం కాదు వాడు, ఎందుకూరుకున్నాడు, రాత్రి అన్నం దగ్గర కూర వడ్డించలేదేమే అని నేనడిగితే మా ఆవిడ కంచాన్ని మెల్లిగా సగం తిప్పింది, తిప్పితే కూర ఉంది, ఇప్పుడే వేసిందనుకున్నాను, వెయ్యలేదు, తన చేతిలో గరిటె లేదు, నేను చూశాను గరిటె లేదని, చూసి కూడా తినేసి చెయ్యి కడుక్కున్నాను.

పాత టైర్ల మీదే ఒక చుట్టు కొట్టొద్దాం సార్, మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటా, ఆ లాగుడేంటో చూద్దాం అన్నాడు షాపాయన, మా ఆవిడ చటుక్కున లేచింది, ఆయనెందుకు, మీరే నడపండి బాబూ అంది, నా బండి నాకు రాదా అని నవ్వాను, తను నవ్వలేదు, ఆయన దగ్గరికెళ్లి ఏదో గొణిగింది, ఎడమ పక్క చూస్తుండండి అన్నట్టు వినపడింది, విని కూడా తాళం తిప్పాను, ఇంజను గుర్రుమంది, ఆ చప్పుడు వింటే చాలు నా వెన్ను నిటారవుతుంది, వీధి చివర దాకా బండి కొలత కుదిరిన కోటులా ఒంటిని పట్టుకుని ఉంది, చూశావా ఇప్పుడు లాగడం లేదు, నువ్వున్నావని బుద్ధిగా పోతోంది అన్నాను, ఆయన నవ్వబోయి ఆగాడు, మలుపు, స్టీరింగు తిప్పాను, ఎంత హాయిగా తిరిగిందో, సార్ ఎడమ, సార్ ఎడమ అని అరుస్తూ ఆయన నా చేతుల మీదుగా స్టీరింగు లాగేశాడు, కాలు దానంతట అదే బ్రేకు తొక్కింది, ఏదో ఇనుము నేల మీద పడ్డ చప్పుడు.

తల తిప్పాను, బాగా తిప్పితే కనపడింది, పడిపోయిన సైకిలు, ఇంకా తిరుగుతున్న చక్రం, దాని పక్కన ఒకావిడ, ఆవిడ నిలబడే ఉంది, ఆవిడకేం కాలేదు, గుండెల మీద చెయ్యి పెట్టుకుంది, కళ్లు కనపడట్లేదా నీకు అని అరుస్తోంది, రోడ్డు మీద ఎవరైనా ఎవరినైనా అనే మాటే అది, నేనూ ఎంతమందిని అన్నానో, ఎక్కడి నుంచి వచ్చిందయ్యా ఈవిడ అని అడిగాను, ఎక్కడి నుంచీ రాలేదు సార్, వీధి మొదట్నుంచీ మన ముందే పోతోంది అన్నాడు ఆయన, మెల్లిగా, జ్వరమొచ్చినవాడితో మాట్లాడినట్టు, వీధి మొదట్నుంచీ, అంత వీధిలో, పట్టపగలు, ఆవిడ చీర పసుపుపచ్చది, అంత పసుపురంగు నాకు కనపడలేదు, మీరిటు రండి సార్, నేను తీసుకెళ్తా అని ఆయన దిగాడు, నేను దిగి అటు వెళ్లాను.

ఎడమ సీట్లో మొదటిసారి కూర్చున్నాను, ఇక్కడి నుంచి తల మొత్తం అటు తిప్పి పెట్టుకుంటే ఆగి ఉన్న బండ్ల అద్దాలు ఎంత దగ్గరగా పోతున్నాయో తెలుస్తోంది, గుద్దుకుంటే ముందు నలిగేది ఈ తలుపే, ఈ తలుపు పక్కన రోజూ తను కూర్చుంది, తెలిసే కూర్చుంది, తిన్నటి రోడ్డు రాగానే షాపాయన స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేశాడు, బండి సుద్దతో గీసిన గీతలా పోతోంది, ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు, ఒక కన్ను మూశాను, తెరిచి రెండోది మూశాను, ఏది మూసినా అంతే, ఎదురుగా వస్తున్న లారీకి కుడి సగమే ఉంది, చీకటి కూడా కాదు, చీకటైతే ఏదో అడ్డొచ్చిందని తెలిసేది, అక్కడసలు ఏమీ లేనట్టుంది, ఎప్పుడూ లేనట్టు.

షాపు ముందు మా ఆవిడ నిలబడి ఉంది, మా ఇద్దరి ముఖాలూ చూసింది, ఏమైందని అడగలేదు, ఎవరికైనా తగిలిందా అని మాత్రం షాపాయన్ని అడిగింది, లేదమ్మా అన్నాడు, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళదామండీ, తమ్ముడు మాట్లాడి పెట్టాడు అంది నాతో, కళ్ల డాక్టరా అన్నాను, కాదంది, తలలో ఏముందో చూస్తారట, అయితే అక్కా తమ్ముడూ నా వెనక కూడబలుక్కున్నారన్నమాట, వారం రోజులుగానా, ఇంకా ముందు నుంచా, నన్ను గద్దించి చెప్పొచ్చుగా, చెబితే వినేవాడినా, టైర్ల సంగతి తర్వాత చూద్దాం సార్, బండి ఇక్కడే ఉంచండి అంటున్నాడు షాపాయన, తాళం చెవి ఆయన దగ్గరే ఉండిపోయింది, చిన్నపిల్లాడి చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు ఎంత సులువుగా తీసేసుకున్నారో.

బస్సుకి అవతలి వైపు వెళ్లాలి, రోడ్డు దాటాలి, నా ఎడమ మోచెయ్యి ఎవరో పట్టుకున్నారు, వేళ్లు తెలుస్తున్నాయి, గాజులు చర్మానికి చల్లగా తగులుతున్నాయి, తనే, తల తిప్పలేదు నేను, తిప్పకుండా చూడాలని చూశాను, అక్కడ ఎవరూ లేరు, చెయ్యి ఉంది, మనిషి లేదు, ఆ వైపు నుంచి బండ్ల మోత వస్తోంది, బండ్లు లేవు, ఆగండి అంది, ఆగాను, ఎంత దూరంలో ఉన్నాయో ఎన్ని ఉన్నాయో నాకేం తెలుసు, ఇప్పుడు రండి అంది, కాలెత్తాను, దించడానికి భయమేసింది, నిజంగా ఖాళీయేనా అని అడగబోయాను, ఎవరిని అడిగినా చెప్పేది తనే కదా, ఇకమీదట ఆ సగంలో రోడ్డుందో గొయ్యి ఉందో, మనిషున్నాడో లేడో, తను ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు, ఇంతే.