ఓర్సొలా గుమ్మం ముందు తడి

తెక్లా రోజూ పొద్దున ఐదున్నరకి లేచి, పొయ్యి మీద కాఫీ పెట్టి, అది పొంగేలోపు జుట్టు ముడి వేసుకునేది. ఆరు కొట్టేసరికి వీధిలో ఉండేది. కొండ మీద ఆసుపత్రికీ, కింద రెండు హోటళ్లకీ దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెది ఇస్త్రీ పని.

ఆమె నడిచిన చోటల్లా తడి అడుగులు పడేవి. అవి ఆరేవి కావు. జైలు నుంచి విడుదలై బస్సు దిగిన రోజు చౌరస్తాలో పడిన మొదటి అడుగు ఏడేళ్ల తర్వాత కూడా అలాగే మెరుస్తూ ఉంది. ఆగస్టులో రాళ్లు కాలిపోతున్నా అంతే. మోంటెసాల్వో ఊరు దానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. చలికాలంలో ఆ తడి గడ్డ కడితే మునిసిపాలిటీ వాళ్లు ఉప్పు చల్లి పోయేవారు. వీధులూడ్చే మికేలే మాత్రం ఎదురైనప్పుడల్లా గొణిగేవాడు.

"ఓ తెక్లమ్మా, ఒక్కరోజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చోరాదూ? నా చీపురు కుళ్లిపోతోంది."

"నా జీతం నువ్విస్తావా?" అనేది తెక్లా. అంతకుమించి ఎవరితోనూ మాట్లాడేది కాదు.

పదకొండేళ్ల క్రితం తెక్లా, చుట్టాలింట్లో బాప్తిస్మం విందులో వైను తాగి, రొట్టెల వ్యాను తోలుకుంటూ ఇంటికి వస్తోంది. ద్రాక్షతోటల మలుపు దగ్గర, స్కూటరు మీద వస్తున్న జెరార్దోని గుద్దింది. వాడికి పందొమ్మిదేళ్లు. అదే ఊళ్లో ఉండే ఓర్సొలాకి ఒక్కడే కొడుకు. తెక్లా వ్యాను ఆపలేదు. ఆ తర్వాత గంటన్నరసేపు వాడు బతికే ఉన్నాడని డాక్టర్లు చెప్పారు. కోర్టులో తెక్లా, "కుక్క అనుకున్నాను. నాకేమీ వినపడలేదు," అంది. నాలుగేళ్లు వేశారు.

శిక్ష అయిపోయింది, ఇక ఉన్నన్నాళ్లు తల వంచుకుని బతికేద్దామనుకుంది. కానీ కిందటేడు కూతురు లోరెదానా జబ్బు చేసి పోయింది. మనవరాలు మిరెల్లాకి ఆరేళ్లు. తండ్రి లేడు. పిల్లని పొతెంజా పట్నంలో సన్యాసినులు నడిపే అనాథాశ్రమంలో పెట్టారు. తెక్లా ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లేది. మిరెల్లా అప్పటికే కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉండేది.

"అమ్మమ్మా, ఇవాళ తీసుకెళ్తావా?"

"ఇవాళ కాదమ్మా."

పిల్ల ఏడ్చేది కాదు. కోటు విప్పి, మడత పెట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

నేరం చేసిన మనిషికి పిల్లని అప్పగించరు. ఆ మచ్చ కోర్టే తుడవాలి. శిక్ష అయ్యాక మంచిగా బతికిందనీ, మారిందనీ రుజువు చూపించాలి. లాయరు జక్కరీయా కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. ఫాదర్ రాసిన ఉత్తరం, లాండ్రీ యజమానురాలి ఉత్తరం.

"ఇవి చాలవు. ఎవరైనా తెచ్చుకునేవే ఇవి. ఆ కుర్రాడి తల్లిని ఎప్పుడైనా కలిశావా? క్షమించమని అడిగావా?"

"లేదు."

"ఏడేళ్లలో ఒక్కసారైనా?"

తెక్లా తల అడ్డంగా ఊపింది. లాయరు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. "సరే. ఒక్కటి గుర్తుపెట్టుకో. అప్పుడు కోర్టులో ఏం చెప్పావో ఇప్పుడూ అదే. ఒక్క మాట తేడా వచ్చినా, అబద్ధాలకోరు అంటారు. పాప సంగతి మర్చిపోవాలి."

కోర్టు తరఫున ఆమె నడవడి విచారించడానికి రుఓతోలో అనే పోలీసు మార్షల్ వచ్చాడు. ఊరికి కొత్త, ముప్పై నిండని మనిషి. ఇరుగుపొరుగుని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు. విసుగొచ్చి, ఆ తడి అడుగుల్నే పట్టుకుని నడిచాడు. ఇంటి నుంచి లాండ్రీకి. లాండ్రీ నుంచి కూతురి సమాధికి. బస్టాపుకి. అన్నిటికంటే చిక్కగా ఉన్న వరస మాత్రం వెనక సందులోకి తిరిగి, మెట్లెక్కి, ఒక ఆకుపచ్చ తలుపు ముందు ఆగింది. రెండు పాదాలూ తలుపు వైపుకే. అక్కడి రాయి అరిగి చిన్న గుంట పడింది. గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి. అక్కడి నుంచి అడుగులు వెనక్కి తిరిగాయి.

మార్షల్ తలుపు తట్టాడు. ఓర్సొలా తీసింది. నల్లబట్టల్లో పొట్టిగా, ఎండిపోయినట్టుంది.

"ఆమె ఇక్కడికి వస్తుందని మీకు తెలుసా, అమ్మా?"

"రోజూ ఆరుంపావుకి. వస్తుంది, నిలబడుతుంది, పోతుంది."

"మీరెప్పుడూ తలుపు తీయలేదా?"

"తను తట్టలేదు. నేను తీయలేదు." గుమ్మం ముందు గుంట వైపు చూసి అంది. "రేపు తట్టమని చెప్పు నాయనా. నేనొకటి అడగాలి."

మర్నాడు తెక్లా తట్టింది. గడియ వెంటనే కదిలింది, లోపల ఎవరో దాని మీదే చెయ్యేసుకుని ఉన్నట్టు.

"లోపలికి రాకు. అక్కడే ఉండు," అంది ఓర్సొలా.

ఆమె వెనక గడపకి లోపలివైపు ఎర్రటి గచ్చు మీద ఇంకో జత అడుగులు తడిగా మెరుస్తున్నాయి. చిన్న పాదాలు, ముసలివి, తలుపు వైపుకి తిరిగి ఉన్నాయి. వాటి కింద గచ్చు కూడా గుంట పడింది. తెక్లా వాటిని చూసింది.

"వాడేమైనా అన్నాడా?" అని అడిగింది ఓర్సొలా.

తెక్లాకి లాయరు మాట గుర్తొచ్చింది. గుండీలన్నీ పెట్టుకున్న కోటు గుర్తొచ్చింది. వినపడలేదు అన్న మాట పదకొండేళ్లుగా నోట్లో నానుతూనే ఉంది. ఇంకొక్కసారి అంటే చాలు.

"అన్నాడు."

"ఏమని?"

"అమ్మా అన్నాడు. రెండుసార్లు. వ్యాను అద్దం దించి ఉంది. విన్నాను. విని కూడా పోయాను."

ఓర్సొలా తలుపు పట్టుకుంది. "గట్టిగానా?"

"మొదటిసారి గట్టిగా. రెండోసారి మెల్లిగా... నిద్రలోంచి లేచి పిలిచినట్టు."

"పొద్దున్నే అలాగే పిలిచేవాడు," అంది ఓర్సొలా. "మంచం దిగకుండా." తలుపు మూసేసింది.

సంగతి తెలిసి లాయరు నెత్తి కొట్టుకున్నాడు. "ఆవిడ వెళ్లి జడ్జికి చెప్తే? నీ చేతులతో నువ్వే పాడు చేసుకున్నావు కదా!" తెక్లా ఆ ఆదివారం మిరెల్లా దగ్గరికి వెళ్లి, జడ వేసి, ఏమీ చెప్పలేక తిరిగొచ్చింది.

మూడు వారాలకి పొతెంజాలో వాయిదా. బస్సులో తెక్లాకి రెండు సీట్ల ముందు ఓర్సొలా కూర్చుని ఉంది. ఇద్దరూ పలకరించుకోలేదు. మార్షల్ రాసింది చదివి, జడ్జి ఓర్సొలాని పిలిచింది.

"ఈమె మీకు క్షమాపణ చెప్పిందా?"

"లేదు."

"మీరు క్షమించారా?"

"లేదమ్మా. అది నా వల్ల కాదు."

లాయరు తల దించుకున్నాడు.

"మరి ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"ఆ రోజు ఆగలేదు. ఆ తర్వాత ఏడేళ్లు రోజూ ఆగింది. కావాలంటే వచ్చి మా రాళ్లు చూసుకోండి. నేనొకటి అడిగితే నిజం చెప్పింది. చెప్తే తనకే నష్టమని తెలిసి చెప్పింది."

"ఏమిటా నిజం?"

"అది నాదీ, నా కొడుకుదీ. మీకు చెప్పను."

మే నెలలో తీర్పొచ్చింది. తెక్లా పేరు మీది మచ్చ తీసేశారు. జూన్‌లో మిరెల్లా వచ్చింది. మొదటి వారమంతా కోటు విప్పకుండానే పడుకుంది.

తెక్లా ఇప్పటికీ పిల్ల లేవకముందే ఆ సందులోకి వెళ్తుంది. ఆకుపచ్చ తలుపు తీసే ఉంటుంది. గడప లోపల ఓర్సొలా కుర్చీ వేసుకుని ఉంటుంది. ఇద్దరి మధ్యా వేరే మాటల్లేవు.

"అను," అంటుంది ఓర్సొలా.

తెక్లా గడప ఇవతలే నిలబడి, కళ్లు మూసుకుని, ఆ రెండోసారి పిలుపు ఎలా వినపడిందో అలాగే, మెల్లిగా అంటుంది.

"అమ్మా."

"వస్తున్నా, నాన్నా," అంటుంది ఓర్సొలా.