ఇరవై ఆరు డిగ్రీలు

ఐస్‌క్రీం కంపెనీ కోల్డ్ స్టోరేజీలో ఆ నెల నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత ఎంతో చెప్పమని తనిఖీ అధికారి అడిగాడు. డేటా చూసే అమ్మాయి కంప్యూటర్‌లో అన్నిటికన్నా పెద్ద అంకెను చూపే మ్యాక్స్ ఫంక్షన్ వేసింది. ఇరవై ఆరు డిగ్రీలు! నమ్మలేక వెళ్లి స్టోరేజీ తలుపు తీసింది. విరిగిన పాల కంపు గుప్పుమంది. కరిగి కారి, మళ్లీ గడ్డకట్టిన డబ్బాలను పైపైన తుడిచి లారీ ఎక్కిస్తున్నారు.

అక్కడే నిలబడ్డ మేనేజరు, ఆమె చెప్పిన అంకె విని తేలిగ్గా నవ్వాడు. "మ్యాక్స్ ఎందుకమ్మా? సగటు తీసి పంపెయ్. అంతా చల్లగా కనిపిస్తుంది."

"మీ పిల్లలకు ఇదే పెడతారా సార్?"

"ఛ! మన సరుకు మా ఇంటి గుమ్మం తొక్కనివ్వను."

ఆమెకు ఆ ముఖం చూడాలంటేనే రోత పుట్టింది. తిరిగొచ్చి, ఇరవై ఆరునే అధికారికి పంపేసింది.

సాయంత్రానికి లారీలు ఆగాయి, ఆమె ఉద్యోగమూ పోయింది. సంచి భుజాన వేసుకుని, మేనేజరుకు వెళ్లొస్తానని కూడా చెప్పకుండా బయటికి నడిచింది.