కదిలిన గుర్తు

వెలిసిపోయిన పార్టీ కండువాను నాలుగు మడతలు వేసి గరాటు మీద పరచి, ఎల్లారావు దాని గుండా పెట్రోలును ఇంజను టాంకులోకి నెమ్మదిగా వంచుతున్నాడు. అది ఏ పార్టీ కండువాయో చెప్పడం ఇప్పుడు అతనికే కష్టం. యాభై ఏళ్ళలో మూడు పార్టీల కండువాలు ఆ మెడ మీద పడ్డాయి. మొదటి రెండూ నావ తుడవడంలో చిరిగిపోయాయి. మూడోది గుడ్డ గట్టిది కనుక నలుసులు వడకట్టడానికి మిగిలింది.

అతనికి డెబ్బై రెండేళ్ళు. తాళ్ళు లాగి లాగి కుడిచేతి వేళ్ళు లోపలికి వంగిపోయాయి. ఎవరికైనా నమస్కారం పెడితే రెండు అరచేతులూ పూర్తిగా ఆనవు. అయినా ఆ చేతులతోనే అతను ఎందరో నాయకులకు నమస్కరించాడు, ఒకసారి నలభై నావలను ఓడల దారికి అడ్డంగా కట్టించాడు, మూడు రోజులు జైల్లో ఉన్నాడు. పేట కుర్రాళ్ళకు అడిగిన ఉద్యోగాలు రాలేదు. అడ్డం కట్టిన తాళ్ళు మాత్రం పోలీసులు తిరిగి ఇవ్వలేదు.

చేపల వేలానికి బుట్ట చంకన పెట్టుకుని వెళుతున్న గంగాలమ్మ జెట్టీ మీద ఆగింది. వరసకు వదిన.

"ఏటి మరిదీ, మిషన్ ఇంకా లెగనేదా?"

వల దులుపుతున్నవాళ్ళు నవ్వారు. ఎల్లారావు తల ఎత్తలేదు. ఇంజను గురించి ఆమె అడగలేదని అందరికీ తెలుసు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట అతను కార్పొరేషన్ ఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడ్డాడు. కాగితాలు దాఖలు చేయకముందే పేటంతా తిరిగి, మన గుర్తు పడవ అని చెప్పాడు; గోడల మీద సున్నంతో పడవలు వేయించాడు. తీరా చూస్తే అతనికి కుట్టుమిషను వచ్చింది. పడవ వేరొకరికి వెళ్ళింది. పోలింగుకు వారం ఉండగా ఇంటింటికీ వెళ్ళి గుర్తు మారిందని మొరపెట్టుకున్నాడు. ముసలివాళ్ళు నమ్మలేదు. సముద్రం మీద వాళ్ళకు గుర్తు అంటే కొండ. యారాడ కొండ మీది దీపస్తంభమూ, వెనక సింహాచలం కొండ శిఖరమూ ఒకే వరసలోకి వస్తే కింద రాతినేల ఉన్నట్టు, చేప ఉన్నట్టు. కొండ కదలదు, గుర్తు ఎలా మారుతుంది? ఎల్లారావు మీద అభిమానంతో నాలుగు వందల పన్నెండు మంది పడవకు ఓటు వేశారు. కుట్టుమిషనుకు అరవై ఒకటి. ఆ ఇద్దరినీ దాటి మూడోవాడు గెలిచాడు. గుర్తు కూడా తెచ్చుకోలేని నాయకుడికి మిషనోడు అన్న పేరు మిగిలింది. ఆ పేరు పుట్టినప్పటికి పుట్టనివాళ్ళు కూడా ఇప్పుడు అలాగే పిలుస్తారు.

ఆటో ఒకటి జెట్టీ మొదట్లో ఆగింది. అందులోంచి దిగిన మనిషిని ఎల్లారావు నడకను బట్టి గుర్తించాడు. శ్రీనివాసరావు, ఆనాడు పడవ గుర్తు వచ్చినవాడు. గోదావరి వైపు నుంచి బి.ఎ. పట్టాతో వచ్చి, ఉద్యోగం లేక హార్బరులో జనానికి అర్జీలు రాసిపెడుతూ ఉండేవాడు. ఎల్లారావు నామినేషను నింపింది కూడా అతనే. తరువాత ఎక్కడో గుమస్తాగా కుదిరి, ఇటు రావడం మానేశాడు. ఇప్పుడు చొక్కా భుజాల మీద నిలవడం లేదు. పది అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఎల్లారావూ, నన్నొకసారి సముద్రం మీదికి తీసుకువెళతావా? పడవ గుర్తు మీద పోటీ చేశాను గాని, నేనెన్నడూ పడవ ఎక్కలేదు."

"ఇంటికాడ సెప్పొచ్చినావా పంతులూ?"

"మా అమ్మాయి నాగశ్రీకి తెలిస్తే రానిస్తుందా?"

ఎల్లారావు అతన్ని రెండు చంకల కింద పట్టుకుని, చేపల బుట్టను దించినంత జాగ్రత్తగా నావలోకి దించాడు.

క్రేన్లూ, లంగరు వేసిన ఓడలూ వెనకపడ్డాయి. అలల మీద నావ లేచి పడుతున్నప్పుడల్లా శ్రీనివాసరావు రెండు చేతులతో బల్లను పట్టుకుంటున్నాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా తడిశాయి.

"అదుగో దీపం. దానెనక మసగ్గా అవుపిస్తంది సూడు, అదే సింహాసెలం. ఒకప్పుడు అద్దంలాగుండేది. ఇప్పుడీ దూళిలో ఎతుక్కోవాల."

శ్రీనివాసరావు కొండవైపు చూడలేదు.

"ఆ రోజు గుర్తుల కోసం చీటీలు తీశారని నీతో చెప్పాను. ఎవరూ తీయలేదు. పడవ అని నువ్వు మూడుసార్లు చెప్పావు. నీ కాగితంలో నేను కుట్టుమిషను అని రాశాను. పడవ నా కాగితంలో రాసుకున్నాను."

ఎల్లారావు ఇంజను ఆపాడు. నావ అడ్డం తిరిగి ఊగసాగింది.

"ఎందుకూ?"

"ఒక పెద్దమనిషి ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. మీ ఓట్లు చీలిస్తే చాలన్నాడు. మూడో నెలలో ఇప్పించాడు. ముప్ఫై ఏళ్ళు చేశాను." తనను తాను సమర్థించుకుంటున్నట్టు కాక, వివరం పూర్తి చేస్తున్నట్టు అన్నాడు: "నువ్వు చదవకుండా సంతకం పెట్టావు."

"సదవడానికే గదా నువ్వున్నావు."

ఈ మాట వయసులో ఉన్నప్పుడు విని ఉంటే ఎల్లారావు ఏదో ఒకటి చేసి ఉండేవాడు. కాని ఇప్పుడు కోపం కోసం వెతికితే అలసట దొరికింది. తన పేటకు తానే సరిగా చెప్పలేకపోయానని ఇన్నేళ్ళూ నమ్మాడు. ఆ నమ్మకంతోనే మరో రెండు పార్టీలలో వెనక వరసలో నిలబడ్డాడు. వేదిక ఎక్కమన్నా ఎక్కలేదు.

"ఈ మాట నడిసముద్రంలో నాకు సెప్పీసి ఏటి పంతులూ? జెట్టీ కాడ సెప్పు. మా గంగాలమ్మొదిన ముందర సెప్పు."

"చెబుతాను. ఇవాళ ఊపిరి అందడం లేదు. రేపు వేలం వేళకు వస్తాను. అందరి ముందూ చెబుతాను."

"రేపు ఆదోరం. జనం బాగా ఉంతారు," అన్నాడు ఎల్లారావు, ఇంజను తాడు లాగుతూ.

మధ్యాహ్నం అతను మంగలి దగ్గరికి వెళ్ళి గడ్డం గీయించుకున్నాడు. ఇంటికి వచ్చి, తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇమ్మన్నాడు. భార్య చిట్టమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇప్పుడు ఏ పార్టీ?"

"పార్టీ కాదే."

"మరి నున్నగా గీయించుకున్నావేటి? నా కాడ దాస్తన్నావు."

"రేపు నువ్వూ రా. ఇనాల్సిన మాటొకటుంది," అన్నాడు. అతని ముఖంలో ఆమె చాలా ఏళ్ళుగా చూడనిదేదో కనిపించి, ఎగతాళి మానేసి చొక్కా తీసుకుంది.

సాయంత్రం అయిదు గంటలకు ఫోను మోగింది. శ్రీనివాసరావు కూతురు నాగశ్రీ.

"బాబాయ్ గారూ, నాన్నగారు పోయారండి. మూడింటికి, నిద్రలోనే. పొద్దున్న మీతో సముద్రం చూశానని ఎంత సంతోషంగా చెప్పారో. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను."

ఎల్లారావు తాను చెప్పవలసిన మాటలు చెప్పాడు. ఫోను పెట్టేసి, ఏం జరిగిందని చిట్టమ్మ అడిగేలోగా హార్బరుకు బయలుదేరాడు. నావ తాడు సడలించే వేళ అయింది.

పోటు మీద నీరు జెట్టీ రెండో మెట్టు దాకా వచ్చింది. తాడు సడలించి, శ్రీనివాసరావు కూర్చున్న బల్ల కింద చేయి పెట్టేసరికి మెత్తగా ఏదో తగిలింది. పొడుగాటి కవరు. పైన బాల్ పెన్నుతో, గుండ్రటి అర్జీల దస్తూరీతో, శ్రీ సూరాడ ఎల్లారావు గారికి అని ఉంది. అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఆ మనిషి ఒక్కనాడూ నోటితో గారు అనలేదు. లోపల నాలుగు మడతల కాగితం. విప్పాడు. అది సిరా కలంతో రాసింది. ఉదయమంతా ఉప్పునీటిలో నాని, వరసలన్నీ ఒకదానిలోకి ఒకటి కరిగి, నీలం తప్ప ఏమీ మిగలలేదు.

ఖాళీ బుట్టతో తిరిగి వస్తున్న గంగాలమ్మ పైనుంచి వంగి చూసింది.

"పొద్దున్నొచ్చినాయన పోనాడట గదా, ఆటోవోళ్ళు సెప్పుకుంతన్నారు. నిన్నెందుకు ఎతుక్కుంటా వొచ్చినాడు మరిదీ? ఏటన్నాడు?"

ఎల్లారావు ఆమెవైపు చూశాడు. ఆమె వెనక వల సర్దుతున్నవాళ్ళు కూడా చేతులు ఆపి వింటున్నారు. చచ్చిపోయినవాడి మీద చెబితే తన మాట ఒక్కటే సాక్ష్యం. ఆ కూతురి గొంతు ఇంకా అతని చెవిలో ఉంది.

"కొండ సూపించమన్నాడు," అన్నాడు. "సూపించినాను."

వాళ్ళు వెళ్ళిన తరువాత అతను కాగితాన్ని నావ అంచు మీద పరచి, గాలికి ఎగరకుండా గేలపు సీసపుగుండు ఒకటి దాని మీద పెట్టి, మెట్లెక్కి ఇంటిదారి పట్టాడు. కాగితం ఆరుతున్నకొద్దీ అంచులు పైకి లేచాయి. మధ్యలో నీలం మాత్రం చాలాసేపు తడిగానే ఉంది.