ముప్పై రెండు దేశాలకు ఒకే తాలింపు

నేను ఒక తాలింపు గరిటెను. గరిటె అనగానే పప్పు తిప్పేదనో, సాంబారు వడ్డించేదనో అనుకునేరు. ఆ జాతి వేరు, నా జాతి వేరు. అరచేతిలో ఇమిడే ఇనప గిన్నె, దానికి జానెడు కాడ, చివర కొయ్య పిడి. ఇదీ నా స్వరూపం. నాలో రెండు చెంచాల నూనె పోసి పొయ్యి మీద పెడితే ఆవాలు చిటపటమంటాయి, ఎండుమిరప ముక్క ఎర్రగా వేగుతుంది, ఇంగువ గుప్పుమంటుంది. సరిగ్గా అప్పుడు నన్నెత్తి పప్పులో బోర్లించాలి. కాస్త ముందైతే పచ్చివాసన, కాస్త ఆలస్యమైతే మాడు. ఇంత నాజూకు పని చేసినా, మా ఇంట భోంచేసి వెళ్ళినవాళ్ళలో ఒక్కరు కూడా నా పేరెత్తిన పాపాన పోలేదు.

పుట్టింది గుంతకల్లులో, స్టేషను వెనక వీధి కమ్మరి కొలిమిలో. చేయించినవారు రైలు గార్డు వామనరావు గారు. ఆయనది ఉద్యోగం గార్డు పనే కానీ ప్రాణమంతా ఫుట్‌బాల్. రైల్వే జట్టుకి గోల్‌కీపరు. "పిడి గట్టిగా బిగించప్పా, మా పాపది చేతి విసురెక్కువ" అని దగ్గర కూర్చుని మరీ బిగింపించారు. ఆ పాప సులోచన. పన్నెండో ఏటిదాకా కాలనీ మైదానంలో మగపిల్లలతో సమానంగా ఆడింది. ఎడమ పక్క పరుగంతా తనదే. తర్వాత వాళ్ళమ్మ ఓణీ వేసి ఇక చాలంది. తనూ చాలనుకుంది. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? వంటింట్లో ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళు గరిటెలతో మాట్లాడతారు. హాల్లో కూర్చునేవాళ్ళకి ఈ సంగతి తెలియదు.

నేనూ సులోచనా కలిసే గుంటూరు వచ్చాం. భర్త ఫణీంద్రరావు గారు ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. చెడ్డ మనిషి కాదు. తనకు తెలియనిది ఈ భూమ్మీద ఉండదని నమ్మకం, అంతే. ఆవిడ బంతాట ఆడేదని ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇలా ఉండగా ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ వచ్చిపడింది. ఫణీంద్రరావు గారి బుర్రలో ఓ ఆలోచన మెరిసింది. మ్యాచి ఉన్న రోజు సాయంత్రం, ఆడే దేశాల వంట మా ఇంట్లో. ఫ్లాట్లవాళ్ళంతా వచ్చి తింటూ చూడాలి. "వంట తెలియకపోతే దేశం తెలిసినట్టు కాదండీ" అని లిఫ్టు దగ్గర కనిపించినవాళ్ళందరికీ చెప్పారు. వండేదెవరో ఎవరూ అడగలేదు. అది అడగాల్సిన ప్రశ్నే కాదు కదా మరి.

ఆయనే నన్ను మేకుకి తగిలించి, "ఈ నెల నీకు సెలవే. ఒరిజినల్ అంటే ఒరిజినల్, పోపులూ గీపులూ కుదరవు" అన్నారు. ఒళ్ళు మండింది నాకు. పొయ్యి మీద లేకుండా మండటం అదే మొదటిసారి.

తొలి రోజు మొరాకో వారి కుస్‌కుస్. గోధుమ రవ్వని ఆవిరి మీద ఉడికించి, పైన కూరగాయల ముక్కలు పెట్టారు. కింద ఫ్లాటు మాలకొండయ్య గారు రెండు ముద్దలు మింగి, మర్యాద మనిషి కనుక నెమ్మదిగా అన్నారు.

"బాగానే ఉందండీ. ఉప్మాలో పోపు మర్చిపోయినట్టున్నారు."

రెండు నిమిషాల్లో ఫణీంద్రరావు గారు వంటింట్లో ఉన్నారు. గొంతు తగ్గించి, "కాస్త పోపు తగలెయ్యవే. ఎవరితో అనకు" అన్నారు. నన్ను మేకు మీంచి దించారు. ఆ క్షణం నేను గర్వపడ్డానంటే పడ్డాను, దాచుకోవడమెందుకు!

ఆనాటి నుంచి ఏ దేశమొచ్చినా నా కిందే తలవంచింది. జపానువారి సుషీలో పచ్చిచేప మానేసి కీరదోస పెట్టారు. పుల్లటి అన్నం మీద నేను పడేసరికి చక్కటి పులిహోర అయింది. బ్రెజిల్‌వారి నల్లచిక్కుళ్ళ కూరలో పంది మాంసానికి బదులు మీల్‌మేకర్ వేశారు, దానిమీద నేను. జర్మనీవారి బంగాళాదుంపల సలాడు తిన్నవాళ్ళు పూరీలు లేవా అని అడిగారు. ఫణీంద్రరావు గారు ఫోను చూసి ఆ దేశ చరిత్ర చదువుతూ వడ్డించేవారు, జనం లొట్టలేసేవారు. "మీ చేతి మహిమ" అని ఆయన్ని మెచ్చుకునేవారు కూడా. ఆయన చేతికి అంటింది ఫోను ఒక్కటే. ఇక ఓడిన దేశం గిన్నెలో మిగిలింది మర్నాడు సులోచనకి టిఫిను.

ఇంత సందడిలో ఆవిడకి కావలసింది ఒక్కటే. ఒక్క గోలు, పడుతుండగా, కళ్ళారా చూడాలి. కానీ పోపు చల్లారితే పనికిరాదు. మ్యాచి మంచి పట్టులో ఉండగానే వాళ్ళకి ఆకలేస్తుంది. హాల్లో కేక లేచేసరికి ఆవిడ చేతిలో నేనుంటాను. నన్ను దించి పరుగెత్తేసరికి అక్కడ సిమెంటు ప్రకటన వస్తుంటుంది. ఒకసారి ఎవరో ఆఫ్‌సైడంటే ఏమిటని అడిగారు. "గీత దాటితే ఆఫ్‌సైడ్" అని తేల్చేశారు ఫణీంద్రరావు గారు. సులోచన పళ్ళు నూరి నాతో అంది, "బంతి ఇచ్చేటప్పుడు అవతలి జట్టులో చివరి నుంచి రెండోవాణ్ణి దాటి నిలబడకూడదయ్యా మహానుభావా. గీతట, గీత."

ఫైనల్ ముందు రోజు ఆవిడ నోరు తెరిచి అడిగింది.

"ఏవండీ, రేపు పెందలాడే వండేస్తాను. అందరూ ముందే భోంచేసెయ్యండి. నేనూ కూర్చుని చూస్తాను."

"చల్లారిన పోపు ఏం బావుంటుందే? అయినా అందులో నీకేం అర్థమవుతుందని?"

ఆవిడకి గిన్నెలు తోముతుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. నా చేతకానితనానికి నాకే సిగ్గేసింది. ఇనుముకి ఓదార్చడం రాదు.

ఫైనల్లో ఏ దేశాలు ఆడాయో నేను చెప్పను. ఓడినవాళ్ళ మనసు కష్టపెట్టడం నాకెందుకు? రెండు దేశాల కూరలూ గిన్నెల్లో సిద్ధంగా ఉన్నాయి. ఆట ఇంకో పది నిమిషాలుందనగా రెండు జట్లూ సమానం. హాల్లోంచి ఆర్డరొచ్చింది, "సులోచనా, పోపెయ్!"

నూనె పోసింది. ఆవాలు వేసింది, మిరపకాయలు తుంచింది. ఆవాలు చిట్లాయి. నన్నెత్తాల్సిన సమయం వచ్చింది, పిడి మీద చెయ్యి కూడా వేసింది. అటు టీవీలో గోల పెరుగుతోంది. ఆవిడ నావంక ఒకసారి చూసి, చెయ్యి తీసేసి, కొంగుతో తుడుచుకుని హాల్లోకి నడిచింది.

"పోపేదే?"

"పొయ్యి మీదుంది. వెళ్ళి వేసుకోండి."

ఈలోగా నాలోంచి పొగ లేచింది. జనం దగ్గడం మొదలెట్టారు. ఫణీంద్రరావు గారు పరుగున వచ్చారు. ఆయన లేచిన కుర్చీలో సులోచన కూర్చుంది.

ఆయన నా ఎదుట నిలబడి పొయ్యి మర ఎటు తిప్పాలో తెలియక ఎక్కువలోకి తిప్పారు. నూనె అంటుకుంది. ముప్పై రెండు దేశాల వంట చేసిన మహానుభావుడు మండే నూనెలో గ్లాసుడు నీళ్ళు పోశారు. భగ్గుమని లేచిన మంట ఆయన మీసం సగం పట్టుకుపోయింది. అదే సమయంలో హాల్లోంచి ఆవిడ గొంతు వినపడింది.

"అన్నయ్యగారూ, ఎడమ పక్క ఖాళీ వదిలేశారు చూడండి. ఇప్పుడు అటే ఇస్తాడు. ఇచ్చాడు. కొట్టు నాయనా, కొట్టు!"

కొట్టాడు. సులోచన వేసిన కేకకి మాలకొండయ్య గారి చేతిలో ప్లేటు జారింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ గొంతు అంత పెద్దదని నాకూ తెలియదు. ఆ తర్వాతే ఆవిడ తీరిగ్గా వచ్చి, పొయ్యి కట్టేసి, నామీద మూత బోర్లించింది. అతిథులు ఆ పూట రెండు దేశాలనీ తాలింపు లేకుండానే తిన్నారు. చచ్చినట్టు తిన్నారు.

నా పిడి కాలిపోయింది, కాడ ఊగిపోయింది. ఇక పనికిరాను. వారం తర్వాత పాతసామాన్ల బండి గేటు దగ్గరికి వస్తే సులోచన నన్ను పట్టుకుని దిగింది. అక్కడ ఫణీంద్రరావు గారు, మీసం పూర్తిగా తీయించుకున్న మొహంతో, వాచ్‌మన్ ఏసోబుకి ఆ గోలు వర్ణిస్తున్నారు.

"కుడికాలితో కొట్టాడోయ్! కళ్ళారా చూశాను."

"ఎడమకాలండీ," అంది సులోచన.

ఫణీంద్రరావు గారు ఆకాశంలోకి చూశారు. ఏసోబు ఆయన్ని వదిలి ఇటు తిరిగాడు.

"ఎట్టా కొట్టాడో మీరు చెప్పండమ్మగారా."

సులోచన నన్ను బండి మీద పడేసింది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. కొంగు నడుముకి దోపుకుని, గేటు ముందు ఇసకలో కాలిబొటనవేలితో మైదానం గీసి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.