గుమాస్తా దస్తూరి

హలీనా కాళ్లకు ఆ బిగుతు మేజోళ్లు తొడగడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. మడమ దగ్గర ముడత పడకూడదు. నేను నేల మీద మోకాళ్లూని లాగుతుంటే ఆమె నా తల మీదుగా కిటికీ వైపు చూస్తూ మాట్లాడుతుంది. కైరోలో ఒక ఏడాది, డమాస్కస్‌లో మూడేళ్లు, క్రాకోలో పాతికేళ్ల పాఠాలు, భర్త పోయాక కూతురి దగ్గరికని ఈ క్రైస్ట్‌చర్చ్. ఎనభై రెండేళ్ల పోలండ్ మనిషి. అరబ్బీలో పండితురాలు. ఆరు పుస్తకాలు. నేను రోజూ పొద్దున గంటన్నర వచ్చి స్నానం చేయించి, మందులిచ్చి, ఓట్స్ కాచి పెట్టి పోయే కేర్ వర్కర్‌ని.

నాకూ అరబ్బీ వచ్చని ఆమెకు చెప్పలేదు. ఏడు నెలలు చెప్పలేదు.

మా నాయన నర్సింహ సౌదీలో మేస్త్రీ పనికి పోయి, చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసి రెండేళ్లు అక్కడే ఇరుక్కుపోయాడు. ఆ కోపంతో పట్టాను నేను అరబ్బీని. జగిత్యాల నుంచి పోయి హైదరాబాద్‌లో ఎమ్మే చేశాను. పాత చేతిరాత ప్రతుల మీద పీహెచ్‌డీలో చేరాను. రెండేళ్లు నడిచింది. తర్వాత పెళ్లి, మహిధర్‌కు ఇక్కడ బిల్డింగుల పని. "ఆడ అరబ్బీతోని ఏం చేస్తవ్? జల్ది జాబ్ దొరికే కోర్సు ఏదన్న చెయ్యి" అన్నాడు. మా అత్తమ్మ పుష్పలత ఫోన్లో ఇంకా తేలిక చేసింది. "ఎవలన్న అడిగితె ఎంబీఏ అని చెప్పు అమూల్యా. అరబ్బీ అంటె నవ్వుతరు." పదేళ్లుగా మా చుట్టాల్లో నేను ఎంబీఏ చదివినదాన్ని.

అందుకని హలీనాను చూస్తే నాకు కడుపు మండేది. ఆమె పుస్తకాలను చూసి కాదు, ఆమె బల్లను చూసి. క్రాకో నుంచి వెంట తెచ్చుకున్నది, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. దాని మీద ఎవరూ ఎన్నడూ అన్నం పళ్లెం పెట్టలేదు, ఉతికిన బట్టలు మడత పెట్టలేదు. ఆ బల్ల ముందు కూర్చుని ఈ మనిషి యాభై ఏళ్లు ఒక్కో ఆలోచనను చివరిదాకా ఆలోచించింది. నేను పోపు మాడకుండా ఒక పేజీ చదివిన రోజు లేదు. ఆమె చూపు పోతోందని డాక్టర్ చెప్పినప్పుడు నాకు జాలి కలగలేదు. ఇప్పుడు తెలుస్తుందిలే, పుస్తకం ఎదురుగా ఉండీ చదవలేకపోవడం అంటే ఏమిటో, అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడనూ లేదు. రెండో ముద్రణకు పుస్తకం సరిచూడాలి, మీవాళ్లలో అరబ్బీ చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆమె నన్నే అడిగింది. తెలియదన్నాను.

పోయిన గురువారం ఆమె ఓట్స్ తింటుంటే నేను బల్ల తుడుస్తున్నాను. ఆమెకు పేరు తెచ్చిన పుస్తకం తెరిచి ఉంది. రెండు వందల ఏళ్ల కిందట మస్కట్‌లో ఒక వర్తకుడి ఇంటి నుంచి పోయిన ఉత్తరాల మీద రాసినది. పక్కనే ఒక ఉత్తరం వెనకవైపు ఫోటో, ఆమె చూపుకు అందాలని పెద్దది చేసింది. నెయ్యి. ఉల్లిగడ్డలు. ఎండు నిమ్మకాయలు. గొర్రె. బియ్యం. కుంకుమపువ్వు. పుస్తకంలో దాని కింద హలీనా రాసింది: ఓడకెక్కించిన సరుకుల జాబితా. ఉత్తరాలన్నీ రాసిన గుమాస్తా దస్తూరే. చివరి పంక్తి చెరిగిపోయింది, చదవడానికి వీలుకాలేదు.

నాకు నవ్వొచ్చింది. ముందు నెయ్యి, చివర్న కుంకుమపువ్వు. అది ఓడలోకి ఎక్కిన వరస కాదు, కుండలోకి దిగిన వరస. అది తెలిశాక చెరిగిన పంక్తి దానంతటదే కనబడింది. అరబ్బీలో పైకే చదివేశాను. పిల్లలకు వేరుగా, మిరియాలు లేకుండా.

హలీనా చెంచా ఆగిపోయింది.

"ఎవరది చదివింది?"

"నేనే. ఏ గుమాస్తా పిల్లల వంట గురించి రాసుకుంటాడు? రాసింది ఆ ఇంటావిడ. దస్తూరి ఒకటే అని మీరే అంటున్నారు. అయితే ఉత్తరాలూ ఆమెవే."

హలీనా చెంచా గిన్నెలో పెట్టేసింది. తర్వాత, "నేను అడిగితే తెలియదన్నావు" అంది.

"అబద్ధం చెప్పాను. మీరంటే అసూయ."

"చూపు లేని ముసలిదాని మీదా?"

"మీ ఇంట్లో వంట ఎవరు చేశారు?"

"నా ఆడపడుచు జోఫియా. ముప్పై ఏళ్లు మాతోనే ఉంది." గొంతు తగ్గించింది. "ప్రతి పుస్తకంలోనూ ఆమెకు కృతజ్ఞతలు చెప్పాను."

"అందుకే ఈ కుండ మీకు కనబడలేదు."

ఒప్పుకుంది, అది చెప్పాలి. తన పుస్తకం తలకిందులైందని తనే అంది. రెండో ముద్రణలో దిద్దుతుందట. "ముందుమాటలో మొదటి కృతజ్ఞత నీకే అమూల్యా" అంది, నా చెయ్యి పట్టుకుని.

సాయంత్రం మహిధర్‌కు చెప్పాను. అన్నం కలుపుతూ విన్నాడు. "మంచిదే కద. బుక్కుల పేరొస్తది. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌ల పెడ్త."

"కృతజ్ఞతల్లో వస్తుంది. కనుక్కున్నది నేను, రాసేది ఆమె."

"ఏడనో ఒకాడ వస్తది గద. ఎంతమందికొస్తది గట్ల? పప్పు ఇంకింత వెయ్."

వేశాను. జోఫియా కూడా ఇలాగే వేసి ఉంటుంది, తన పేరు అచ్చయిన రోజున.

తెల్లారి హలీనా ఇంటికి పోయి, పని మొదలుపెట్టకుండా ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"కృతజ్ఞతల్లో నా పేరు వద్దు. దీని మీద వ్యాసం నేను రాస్తున్నాను, నా ఒక్కదాని పేరుతో. మీ పుస్తకం తప్పని మొదటి పేజీలోనే రాస్తాను."

"నా ముద్రణ ఆపుకోమంటావా?"

"అది మీ ఇష్టం."

ఆమె ఆ పోతున్న కళ్లతో నా ముఖం వెతుక్కుంది. "నువ్వు రాసి, అది అచ్చయ్యేసరికి ఏడాది పడుతుంది. అప్పటికి నేను చదవలేను."

"నేను చదివి వినిపిస్తాను" అన్నాను.