ఆఖరి పలక

బుడాన్ పెదాల మధ్య మేకు పెట్టుకుని పదిహేడో పలకను ఎత్తాడు. ఆ మేకుతో పనేమీ లేదు. ఈ గోడకి ఒక్క మేకు కూడా కొట్టకూడదని మొదటిరోజే చెప్పారు. కానీ నలభై నాలుగేళ్లుగా నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసినవాడికి నోరు ఖాళీగా ఉంటే చెయ్యి సాగడం లేదు.

పలక అవతలి కొస యలమంద పట్టుకున్నాడు. అతనికీ యాభై దాటాయి. ఇరవై ఏళ్లుగా బుడాన్ ఎక్కడుంటే అక్కడే పని. ఇద్దరూ కలిసి పలక అంచున పొడుచుకొచ్చిన నాలికను ముందు బిగించిన పలక గాడిలోకి తోశారు. ఆ తర్వాత క్లిప్పు. గోరంత ఇనుప రేకు. దాని కొక్కెం పలక అంచును పట్టుకుంటుంది, తోకని గోడ మీది రీపరు చెక్కకి స్క్రూతో బిగించాలి. పక్క పలక వచ్చి దాన్ని కప్పేస్తుంది. బయటికి చెక్క తప్ప ఏమీ కనపడదు.

చెప్పుకోవడానికి తేలికే. బుడాన్ లావుపాటి వేళ్లలో ఆ రేకు నిలిస్తేగా! గంటకి నాలుగుసార్లు జారి రంపప్పొట్టులో పడుతుంది. ప్రతిసారీ అరవై రెండేళ్ల మోకాళ్లు వంచి వెతుక్కోవాలి.

"దీని దుంపతెగ," అన్నాడు మేకు పక్కనుంచి. "ఒక్క దెబ్బతో పోయేదానికి ఇన్ని వేషాలేందిరా?"

"కాలం మామా," అన్నాడు యలమంద.

"కాలానికేం, అది వంగి ఏరుకోదుగా."

అది నల్లపాడులో ఓ మిర్చి వ్యాపారి కడుతున్న ఇల్లు. హాల్లో ఉత్తరం గోడ నిండా టేకు పలకలు నిలువుగా బిగించాలి. బుధవారం గృహప్రవేశం. ఇవాళ శనివారం. కిటికీ బయట మిర్చి బస్తాల లారీ వెళ్లినప్పుడల్లా ఇద్దరూ తుమ్ముతున్నారు. తుమ్మినప్పుడల్లా ఒక క్లిప్పు కింద పడుతోంది.

పదింటికి శ్రీరమ్య వచ్చింది. ఇంటి లోపలి పనులన్నీ ఆ అమ్మాయి చూపించినట్టే జరగాలి. గోడ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"బుడాన్ గారూ, ఆ మూల నుంచి ఎందుకు స్టార్ట్ చేశారండీ? డ్రాయింగ్‌లో డోర్ దగ్గర్నుంచి కదా బాణం గుర్తు వేశాను!"

బుడాన్ నోట్లోంచి మేకు తీశాడు. "ఈశాన్యం కదమ్మా. మొదటి చెక్క ఈశాన్యం మూలనే పడాలి."

"ఓనర్ గారే వాస్తు అడగలేదు. మీకెందుకండీ?"

బుడాన్ పని నేర్చుకున్న రోజుల్లో ఒకసారి ఈశాన్యం మరిచిపోతే, ఇంటామె శోకాలు పెట్టి ద్వారబంధం మొత్తం ఊడదీయించింది. ఆనాటి నుంచి నమాజుకి పడమర ఎటో చూసుకున్నంత శ్రద్ధగా ప్రతి ఇంట్లో ఈశాన్యం చూసుకున్నాడు. అప్పుడు మరిచిపోయినందుకు తిట్టారు, ఇప్పుడు గుర్తుపెట్టుకున్నందుకు తిడుతున్నారు.

తప్పు మాత్రం చిన్నది కాదు. ఆఖరి పలకని కప్పడానికి పక్కన ఇంకో పలక ఉండదు కాబట్టి దానికి క్లిప్పు కుదరదు. డ్రాయింగ్ ప్రకారం అది మూలలో పెట్టబోయే బీరువా వెనక్కి పోయేది, అక్కడ స్క్రూ కొట్టినా ఎవరికీ కనపడేది కాదు. ఇప్పుడది గుమ్మం పక్కన, అడుగుపెట్టినవాళ్ల కళ్లకెదురుగా వస్తుంది.

"మొత్తం విప్పేస్తే?"

"గాడులు విరుగుతాయమ్మా. మళ్లీ చెక్క రావాలంటే వారం."

"పోనీ గమ్‌తో అంటించండి."

"ఎండలకి చెక్క కదిలిద్దమ్మా. గమ్ము వదిలేసిద్ది."

శ్రీరమ్య నుదురు రుద్దుకుంది. "అయితే మీరే చూసుకోండి. సాయంత్రం వస్తాను. ఒక్క మేకు, ఒక్క స్క్రూ కనపడినా తర్వాత చేయబోయే సత్తెనపల్లి ఇంటికి వేరేవాళ్లని పెట్టుకుంటాను. ఆ నోట్లో మేకు కూడా తీసేయండి ప్లీజ్, చూస్తేనే భయమేస్తోంది."

బుడాన్ మేకుని కిటికీ అంచున పెట్టాడు. ఆ అమ్మాయి కారు కదలగానే మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. అందులో ఒక సుఖం ఉంది. నోట్లో మేకులుంటే ఎవరికీ ఎదురు చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్లూ మేస్త్రీలు, ఇంజినీర్లు, ఇంటివాళ్లు అన్న మాటలన్నీ అలాగే మింగాడు. కానీ సత్తెనపల్లి పని పోతే ఇక తనని పిలిచేవాళ్లు లేరు. ఇంట్లో కూర్చుంటే మళ్లీ లేవనని అతని భయం.

మధ్యాహ్నం భార్య నసీమున్నీసా కట్టిచ్చిన అన్నం సగం తిని మూత పెట్టేశాడు. ఎడమ భుజం లాగుతోంది. క్లిప్పుల వల్లేనని వాటినే తిట్టుకున్నాడు. మూడింటికి ఆఖరి పలక ఒక్కటే మిగిలింది. పైన సీలింగు కింద వేసే బద్ద తెమ్మని యలమందని గుంటూరు పంపించి, గోడ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక కోపం వచ్చింది. ముందు ఆ అమ్మాయి మీద, తర్వాత తన మీద.

కూర్చుని కూర్చుని ఉండగా పొదిలి గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్లప్పుడు అక్కడ తనకి పని నేర్పిన అలీ సాహెబ్ దగ్గర, పొగాకు ఆరబెట్టే బ్యారన్లకి తలుపులు చేసేవాడు. బ్యారన్ లోపలి వేడికి చెక్క మేకుల్ని వదిలేస్తుందని, అలీ సాహెబ్ చెక్కకి చెక్కే కొక్కెంగా చెక్కేవాడు. ఇనుము ముట్టనిచ్చేవాడు కాదు.

బుడాన్ లేచాడు. టేకు ముక్కల్ని ఏటవాలుగా కోసి కొన్ని పలక వీపుకి, కొన్ని రీపర్లకి బిగించాడు. పలక నాలికని పక్క గాడిలో కలిపి, ఒక అంగుళం పైకి ఎత్తి పట్టుకుని, మెల్లగా కిందికి వదిలాడు. లోపల కొక్కేలు ఒకదానిలో ఒకటి కూర్చున్నాయి. రెండు చేతులతో లాగాడు. కదల్లేదు. పైన మిగిలిన అంగుళం సందుని యలమంద తెచ్చే బద్ద కప్పేస్తుంది.

యలమంద వచ్చి పైన బద్ద ఇరికించి, పలకని తట్టి చూశాడు, పక్కల నుంచి తొంగి చూశాడు.

"మామా, దేంతో పట్టించావే?"

"సోమవారం చెప్తాలేరా."

"ఇప్పుడు చెప్తే ఏం పోయిద్ది?"

"పొద్దుటినుంచీ అందరూ నాకు చెప్పేవాళ్లే. ఒక్కరోజన్నా నాకు తెలిసింది నా దగ్గరుండనీరా."

ఆరింటికి శ్రీరమ్య వచ్చింది. ఫోన్ లైటు వేసి ఆఖరి పలకని కింద నుంచి పైదాకా వెతికింది. మేకు లేదు, స్క్రూ లేదు.

"సూపర్ అండీ. సత్తెనపల్లి మీకే. సోమవారం ఇక్కడ పాలిష్ అయ్యాక మాట్లాడదాం."

ఎలా పెట్టారని అడుగుతుందేమోనని బుడాన్ ఆగాడు. ఆమె ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ కారెక్కింది. పని దొరికినందుకు సంతోషపడాల్సిందే, పడ్డాడు కూడా. కానీ ఒక్క మాట అడిగితే ఏం పోయేది? మనసు చివుక్కుమంది. నోట్లో మేకు తీసి కిటికీ అంచున పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు.

సోమవారం ఎలక్ట్రీషియన్ వచ్చి, గుమ్మం పక్క స్విచ్‌బోర్డు నుంచి టీవీకి వైరు లాగడం మరిచిపోయానన్నాడు. ఆఖరి పలక విప్పితే చాలన్నాడు. యలమంద పలకని పక్కకి తోశాడు, ముందుకి లాగాడు. పైన బద్ద తీసి పలకని పైకి ఎత్తాలని ఎవరికీ తోచలేదు.

"ఇది అసలు ఎలా పెట్టారు?" అంది శ్రీరమ్య. "ఎంత గట్టిగా ఉంది! బుడాన్ గారు రాలేదా? ఫోన్ చేసి అడగండి."

"నిన్న సాయంత్రమే మట్టి చేసొచ్చామమ్మా," అన్నాడు యలమంద.

ఆదివారం తెల్లవారుజామున నమాజుకి లేచిన బుడాన్ భుజం నొప్పిగా ఉందని మంచం పట్టె మీద కూర్చున్నాడట. నసీమున్నీసా మంచినీళ్లు తెచ్చేసరికి ఒరిగిపోయి ఉన్నాడట.

శ్రీరమ్య పలక మీద చెయ్యి వేసింది. "పగలగొట్టొద్దు," అంది. వైరుని పలకల మీదుగానే తెల్ల గొట్టంలో లాగమంది. ఎలక్ట్రీషియన్ అడుగుకొక మేకు చొప్పున టేకు మీద కొట్టుకుంటూ పోయాడు. చివర్లో ఒక మేకు తక్కువైంది. కిటికీ వైపు చెయ్యి చాపాడు.

"అది కాదులే," అని యలమంద ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

మేకు అక్కడే ఉండిపోయింది. రెండు కొసలూ ఇంకా మెరుస్తున్నాయి. మధ్యలో, పెదాలు పట్టుకున్న చోట, సన్నగా తుప్పు పట్టింది.